సీసాలో ఆకలి, కంచంలో బరువు

సాయంత్రం మందుల షాపు. ఇరవై ఏళ్ల కుర్రాడు కౌంటర్ మీదికి వంగి మెల్లగా అడుగుతాడు.

"అన్నా, ఆకలి బాగా అయ్యే సిరప్ ఒకటియ్యి."

"ఎవరికి తమ్ముడూ?"

"నాకే. కొంచెం ఒళ్లు రావాలి."

షాపతను వెనక అరలోంచి సీసా తీసి కౌంటర్ మీద పెడతాడు. "పొద్దునో మూత, రాత్రో మూత. నెల రోజుల్లో తేడా నీకే తెలుస్తది." డాక్టర్ చీటీ అడగడు. ఇది తాగితే మగతగా ఉంటుందనీ, బండి నడిపేటప్పుడు జాగ్రత్తనీ చెప్పడు. ఇవాళ పొద్దుటినుంచి ఏం తిన్నావని అసలే అడగడు.

నిజానికి అడగాల్సింది అదే. ఇలాంటి కుర్రాడి రోజు ఎలా గడుస్తుందో చూడండి. కాలేజీ బస్సు ఏడున్నరకు, కాబట్టి టిఫిన్ ఉండదు. టీ, రెండు బిస్కెట్లు. పదకొండింటికి క్యాంటీన్‌లో సమోసా, మళ్లీ టీ. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, బెండకాయ వేపుడు. అందులో సగం ఇంటికి తిరిగొస్తుంది. సాయంత్రం చిప్స్ ప్యాకెట్. రాత్రి తొమ్మిదింటికి మాత్రం కంచం నిండా అన్నం, పప్పు, పెరుగు. ఆ ఒక్క పూట చూసి ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "వీడు బాగానే తింటాడు, ఒంటికి పట్టదంతే!"

మీ ఇంట్లోనూ వినిపించే మాటేనా ఇది? అయితే సీసా మూత తిప్పేముందు ఈ అధ్యాయం చదవండి.

ఆ సీసాలో ఏముంది?

ఆకలి పెంచే సిరప్‌లుగా మన దగ్గర అమ్ముడయ్యే వాటిలో ఎక్కువగా కనిపించే మందు సైప్రోహెప్టడిన్. ఇది పుట్టింది ఆకలి కోసం కాదు. తుమ్ములు, దురద, దద్దుర్ల కోసం తయారైన అలర్జీ మందు ఇది. అమెరికాలో 1961లో అనుమతి పొందింది. హిస్టమిన్‌ని అడ్డుకోవడంతోపాటు సెరటోనిన్ పనికీ ఇది అడ్డుపడుతుంది. కడుపు నిండిందని మెదడుకు తెలియడంలో సెరటోనిన్‌కి పాత్ర ఉంది. ఆ కబురు మందగిస్తే ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది. సిరప్ చేసే పని అంతవరకే.

సిరప్ పెంచేది ఆకలిని, బరువు పెంచేది తిండి. ఆకలి వేసినప్పుడు చిప్స్ ప్యాకెట్ తెరిచారా, పప్పన్నంలో నెయ్యి వేసుకున్నారా అన్నదాన్ని బట్టే ఒంట్లో ఏం చేరుతుందో తేలుతుంది. పైగా కొన్ని వారాలు వాడేసరికి శరీరం దీనికి అలవాటు పడుతుంది, ఆకలి మళ్లీ తగ్గుతుంది. అందుకే డాక్టర్లు దీన్ని రాసినా కొన్నాళ్లు వాడించి, కొన్నాళ్లు ఆపిస్తుంటారు. తిండి అలవాటు మారకుండా సీసా ఒక్కటే మారిన ఇంట్లో, మందు ఆపగానే వచ్చిన కిలో రెండు కిలోలు కూడా జారిపోతాయి.

దీనికి చెల్లించే ధర కూడా ఉంది. మగత, నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం తరచూ కనిపిస్తాయి. ఒక రకం గ్లాకోమా ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ వాపుతో మూత్రం సరిగా రానివాళ్లు, కొన్ని రకాల డిప్రెషన్ మందులు వాడేవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. మద్యంతో కలిస్తే మగత ఇంకా పెరుగుతుంది. రాత్రి షిఫ్టులో లారీ నడిపే మనిషి ఇది తాగి స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

డాక్టర్ చీటీ లేకుండా ఈ మందు ఎలా పాకుతుందో చెప్పడానికి మన దేశంలో తయారైన ఎపెటమిన్ అనే సిరప్ కథ మంచి ఉదాహరణ. సైప్రోహెప్టడిన్‌కి లైసిన్, విటమిన్లు కలిపి చేసిన ఈ సిరప్ బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి లేకుండానే సోషల్ మీడియా ద్వారా జోరుగా అమ్ముడైంది. నడుము సన్నగా, పిరుదులు నిండుగా కనిపించాలనుకునే అమ్మాయిలు దీన్ని తెగ కొన్నారు. 2021లో బీబీసీ దీనిమీద డాక్యుమెంటరీ తీసింది. దీన్ని వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఏ మందైనా కొవ్వును కావలసిన చోటికే పంపుతుందా? పంపదు. అది ఎక్కడ చేరాలో నిర్ణయించేది వంశం, వయసు, హార్మోన్లు.

ఇంతకంటే ప్రమాదకరమైనవి స్టెరాయిడ్ మాత్రలు. డెక్సామెథాసోన్ వేసుకున్న కొద్ది వారాల్లోనే బుగ్గలు ఉబ్బుతాయి, ముఖం గుండ్రంగా మారుతుంది. చూసినవాళ్లు "ఒళ్లు చేశావే!" అంటారు. అది కండ కాదు. ఒంట్లో నిలిచిన నీరు, పేరుకున్న కొవ్వు. లోపల మాత్రం కండ కరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, షుగర్ పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లను తట్టుకునే శక్తి తగ్గుతుంది. బంగ్లాదేశ్‌లోని వేశ్యావాటికల్లో చిన్న వయసు అమ్మాయిలను పెద్దవాళ్లలా, పుష్టిగా కనిపించేలా చేయడానికి నిర్వాహకులు పశువులను బలిపించే ఈ రకం మాత్రలనే మింగించిన సంగతి 2010 ప్రాంతంలో ప్రపంచానికి తెలిసింది. ఆగ్నేయాసియాలో మూలికల మందుగా అమ్మిన 'సమ్యున్ వాన్' గొట్టం మాత్రల్లోనూ డెక్సామెథాసోన్, సైప్రోహెప్టడిన్ బయటపడ్డాయి. కాబట్టి పేరూ ఊరూ లేని డబ్బాలో "నెలలో పది కిలోలు" అని రాసిన పొడి కనిపిస్తే, అందులో ఏం కలిపారన్న అనుమానం రావాలి.

మరి తిండితో నిజంగా బరువొస్తుందా?

వస్తుంది. కెనడాలోని లావల్ యూనివర్సిటీలో క్లాడ్ బూషార్ బృందం 12 జతల కవల యువకులకు వారానికి ఆరు రోజుల చొప్పున, మొత్తం 84 రోజులు, రోజూ 1000 కేలరీలు అదనంగా తినిపించింది. 1990లో ఫలితాలు ప్రచురించారు. అందరూ బరువు పెరిగారు. అందరికంటే తక్కువ పెరిగినవాడికి 4.3 కిలోలు, ఎక్కువ పెరిగినవాడికి 13.3 కిలోలు. ఒకే జతలోని కవలలు మాత్రం ఇంచుమించు ఒకేలా పెరిగారు. అంటే "ఒంటికి పట్టదు" అన్న మాటలో సగం నిజముంది. కొందరికి వంశం వల్ల నెమ్మదిగా పడుతుంది. కానీ అసలు పట్టనివాడు ఆ 24 మందిలో ఒక్కడూ లేడు.

మరి తేడా ఎందుకు? అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ బృందం 1999లో దీని సంగతి కొంత తేల్చింది. ఒకే మోతాదులో ఎక్కువ తిన్నా కొందరు తెలియకుండానే కదలిక పెంచుతారు. కాలు ఊపుతారు, నిలబడే పని చేస్తారు, ఫోన్ మాట్లాడుతూ ఇల్లంతా తిరుగుతారు. తిన్నదాంట్లో కొంత అలా కరిగిపోతుంది. మీ ఇంట్లోని ఈనెపుల్ల లాంటి కుర్రాడిని ఓ గంట గమనించండి, ఒక్కచోట కూర్చుంటాడేమో!

తిండి చేసే మేలుకు మన దేశంలోనే ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. జార్ఖండ్‌లో డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం 2,800 మంది టీబీ రోగులకు మందులతోపాటు నెలనెలా ఆహారపు మూట ఇచ్చింది. అందులో బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, వాటితోపాటు విటమిన్ మాత్రలు. రోజుకు 1200 కేలరీలు, 52 గ్రాముల ప్రోటీన్ అదనంగా అందేలా కట్టిన మూట అది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో మరణం ముప్పు 61 శాతం తక్కువగా ఉందని 2023లో వెల్లడించారు. ఆకలి చచ్చిపోయిన జబ్బు మనుషులు వీళ్లు. వీళ్లకు దక్కింది జబ్బుకు సరైన మందు, ఇంట్లో వండుకోవడానికి తిండి గింజలు.

ముందు తేల్చుకోవాల్సింది: తినడం లేదా, తినాలనిపించడం లేదా?

ఈ రెండూ ఒకటి కావు. ఆకలి ఉండీ వేళకు తినని మనిషికి కావలసింది తిండి ఏర్పాటు. అన్నం ముందు కూర్చున్నా సయించని మనిషికి కావలసింది పరీక్ష. అరుచి వెనుక టీబీ, రక్తహీనత, కాలేయ సమస్య, డిప్రెషన్ వంటివి ఏవైనా ఉండవచ్చు. దాన్ని సిరప్‌తో కప్పేస్తే జబ్బు లోపల ముదురుతుంది.

ఇవి కనిపిస్తే మందుల షాపుకు కాదు, డాక్టర్ దగ్గరకు వెళ్లండి:

ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు 5 శాతం బరువు తగ్గడం. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు. ప్రభుత్వాసుపత్రిలో టీబీ పరీక్ష, మందులు ఉచితం. విపరీతమైన దాహం, పదేపదే మూత్రం ఉంటే షుగర్ చూపించుకోవాలి. బాగా తింటున్నా తగ్గిపోవడం, గుండె దడ, చేతులు వణకడం ఉంటే థైరాయిడ్ చూపించుకోవాలి. మింగేటప్పుడు అడ్డుపడడం, మలంలో రక్తం. లావైపోతానన్న భయంతో తిండి దాచేయడం, తిన్నది కక్కేయడం.

ఇవేవీ లేవా? అయితే కింది దారి మీదే.

ఎనిమిది అడుగులు

1. మీరు నిజంగా బక్కగా ఉన్నారా అన్నది లెక్క వేసుకోండి. కిలోల్లో మీ బరువును మీటర్లలో మీ ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చిన బీఎంఐ 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువే. 1.65 మీటర్ల మనిషికి ఆ గీత 50 కిలోల దగ్గర ఉంటుంది. అదే ఎత్తులో 54 కిలోలున్న అమ్మాయిని చూసి పెళ్లిచూపులకొచ్చిన పెద్దమ్మ "మరీ పుల్లలా ఉందే" అంటే, అది ఆవిడ అభిప్రాయం. దానికి మందు అక్కర్లేదు.

2. మూడు రోజులు తిన్నదంతా రాయండి. టీ, బిస్కెట్, వదిలేసిన సగం డబ్బా సహా. అందులో ఒకటి ఆదివారం అయి ఉండాలి. "బాగానే తింటున్నా" అన్న నమ్మకం ఈ కాగితం మీదే తేలిపోతుంది.

3. చిన్న లక్ష్యం పెట్టుకోండి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకు 300 నుంచి 500 కేలరీలు అదనంగా తింటే నెలకు ఒకటి రెండు కిలోలు పెరుగుతారు. ఇంతకంటే వేగంగా పెరిగితే అందులో ఎక్కువ భాగం కొవ్వుగానే చేరుతుంది.

4. అన్నం గుట్ట పెంచకండి, అన్నంలో సత్తువ పెంచండి. బక్కమనిషి చేత రెండింతల అన్నం తినిపించాలని చూస్తే మూడో రోజుకే విసుగొస్తుంది. అదే అన్నంలో రెండు చెంచాల నెయ్యి కలిపితే 90 కేలరీలు. గుప్పెడు వేరుశనగలు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. ఒక అరటిపండు 100. గ్లాసు గేదె పాలు 200 దాకా. ఈ నాలుగూ కలిపితే 550 దాటింది. కంచం పరిమాణం మాత్రం మారలేదు. కందిపొడి, నువ్వుల పొడి, పల్లీ పచ్చడి, సున్నుండ, నువ్వులుండ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మన పెద్దలు బాలింతకూ ఎదిగే పిల్లకూ సున్నుండలు చేసిపెట్టింది ఇందుకే: మినుముల్లో ప్రోటీన్, నేతిలో శక్తి.

5. ఆకలి కోసం ఎదురుచూడకండి, గడియారం చూసి తినండి. మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. ఏడున్నర బస్సు అందుకోవాల్సిన కుర్రాడికి కూర్చుని ఇడ్లీ తినే తీరిక లేకపోతే రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు సంచిలో పడేయవచ్చు. వేళకు తినడం మొదలుపెడితే రెండు మూడు వారాల్లో ఆ వేళకు ఆకలి దానంతటదే వేస్తుంది.

6. ఆకలిని చంపేవాటిని ముందు తీసేయండి. భోజనానికి ముందు టీ, కాఫీ, చెంబెడు నీళ్లు, చిప్స్. సిగరెట్, ఖైనీ. చాలామందికి సిరప్ పెంచే ఆకలికంటే ఇవి చంపే ఆకలే ఎక్కువ. నీళ్లు భోజనం మధ్యలో కొద్దిగా, తర్వాత తృప్తిగా తాగండి.

7. నమలలేని రోజు తాగండి. పాలల్లో అరటిపండు, రెండు ఖర్జూరాలు వేసి మిక్సీ పట్టండి. రాగిజావలో పాలు, బెల్లం కలపండి. పలుచని మజ్జిగ బదులు చిక్కటి పెరుగు. తాగినవి నమిలి తిన్నంతగా కడుపు నింపవు కాబట్టి తర్వాతి పూట ఆకలి చెడదు.

8. బరువులెత్తండి. వారానికి మూడు రోజులు గుంజీలు, దండాలు, డంబెల్స్ చాలు. అప్పుడే తిన్నది కండగా మారుతుంది. ప్రోటీన్ డబ్బా కొనాల్సిన పని లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా కండ కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దనే చెప్పాయి. పప్పు, గుడ్డు, పాలు, చేప, చికెన్, శనగలు ఆ పని చేస్తాయి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

బరువు కోసం రోజూ బజ్జీలు, కూల్‌డ్రింకులు, బిర్యానీలు. కేలరీలు వస్తాయి, నిజమే. కానీ కాళ్లూ చేతులూ సన్నగానే ఉండి పొట్ట ముందుకొస్తుంది. పైకి బక్కగా కనిపిస్తూనే షుగర్ వచ్చినవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు.

రోజూ తూకం చూడడం. నీళ్లు, ఉప్పు, మలబద్ధకం వల్ల ముల్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. వారానికి ఒకే రోజు, పరగడుపున, ఒకే తూకం మీద చూసుకుంటే చాలు.

పక్కింటివాళ్ల సీసా పంచుకోవడం. "మా అబ్బాయికి బాగా పనిచేసింది వదినా, సగం మిగిలింది తీసుకో" అన్న మాట ప్రేమగానే వస్తుంది. ఆ అబ్బాయి వయసు, బరువు, జబ్బు చూసి రాసిన మందు మీ పిల్లకు ఎలా పనికొస్తుంది?

స్టెరాయిడ్ మాత్రలని తెలిశాక భయపడి ఒక్కసారే ఆపేయడం. వారాల తరబడి వాడినవాళ్ల శరీరం సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుని ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే కళ్లు తిరిగి పడిపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

పిల్లాడు తినడం లేదని టానిక్. ఇది తల్లులకు ప్రత్యేకం. ఏడాది నిండేసరికి బిడ్డ పుట్టిన బరువుకు మూడింతలవుతుంది. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. రెండేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య ఏటా రెండు కిలోలు పెరిగితే చాలు. పెరుగుదల తగ్గితే ఆకలీ తగ్గుతుంది. "ఇంకొక్క ముద్ద నాన్నా" అని వెంటపడి, ఫోన్ చూపించి కుక్కితే తిండంటేనే విరక్తి పుడుతుంది. రోజుకు లీటరు పాలు తాగే పిల్లాడికి అన్నం ఎలా సయిస్తుంది? పాలు అరలీటరు లోపు ఉంచండి, బిస్కెట్లు ఆపండి, అంగన్‌వాడీలో ఎదుగుదల కార్డు మీద గీత చూడండి. ఆ గీత తన దారిలో పైకి పోతుంటే పిల్లాడు బాగున్నట్టే. గీత అడ్డంగా తిరిగినా, కిందికి దిగినా డాక్టర్‌కి చూపించాలి.

మరి మందు ఎవరికి?

ఆకలి మందుకు అసలు చోటే లేదని కాదు. క్యాన్సర్, హెచ్‌ఐవీ, కొన్ని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల్లో ఆకలి పూర్తిగా పోతుంది. ఎంత మంచి వంట పెట్టినా దిగదు. అక్కడ డాక్టర్లు ఆలోచించి మందు రాస్తారు. మెజెస్ట్రాల్ అలాంటిదే, ఎయిడ్స్ రోగుల్లో ఆకలి, బరువు తగ్గినప్పుడు వాడేందుకు అమెరికాలో 1993లో అనుమతి పొందింది. దానితో రక్తం గడ్డకట్టే ముప్పు ఉందని తెలిసే, మేలు ఎక్కువనుకున్నప్పుడే ఇస్తారు. ఎదుగుదల ఆగిన కొందరు పిల్లలకు పిల్లల డాక్టర్లు సైప్రోహెప్టడిన్ కూడా రాస్తారు, గడువు పెట్టి.

మీ డాక్టర్ అలాంటి మందు రాస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఆకలి ఎందుకు పోయిందని అనుకుంటున్నారు? ఎన్ని వారాలు వాడాలి? ఇప్పుడు వాడుతున్న మందులతో దీనికి పడుతుందా? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు చిరాకుపడరు.

ఈ రాత్రి నుంచే కాగితం మొదలుపెట్టండి. మూడు రోజులు రాశాక పై జాబితాలోంచి ఏవైనా రెండు మార్పులు ఎంచుకుని రెండు నెలలు వదలకుండా చేయండి. అప్పటికీ ముల్లు కదలకపోతే ఆ తిండి కాగితం, వారం వారం రాసుకున్న తూకాలు పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. సీసా కావాలో, రక్తపరీక్ష కావాలో ఆ రెండూ చూసి ఆయనే తేలుస్తారు.